కలప ఆరుదల: తార్నాక గాలిలో ఉష్ణమండలపు మాను

కొట్టిన చెట్టులోని నీటిని, చెక్క పగలకుండా, వంకర పోకుండా, అది రేపు నిలబడబోయే చోటి గాలికి సరిపోయేదాకా తగ్గించే పనిని కలప ఆరుదల అంటారు. ఇంజినీరింగు పుస్తకాల్లో దీని పేరు సీజనింగ్. వడ్రంగులకు రెండే మాటలు: పచ్చి చెక్క, ఆరిన చెక్క. ఆవిరి గదుల్లో ఆరబెట్టే పద్ధతులు వచ్చి నూరేళ్లు దాటినా వేడి దేశాల్లో చాలా కలప నేటికీ నీడలో, గాలికే ఆరుతోంది. పై నిర్వచనంలో "నిలబడబోయే చోటి గాలి" అన్న మాటను తేలిగ్గా దాటిపోకూడదు. కాకినాడలో బాగా ఆరిందనిపించుకున్న పలక హైదరాబాదు వేసవికి ఇంకా పచ్చిదే. అందుకని ఈ వ్యాసం ఒక చోటును పట్టుకుని నడుస్తుంది. అది ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం, దాన్ని ఆనుకుని ఉన్న తార్నాక.

చోటు

తార్ అంటే తీగ, నాకా అంటే చౌకీ. తోటల చుట్టూ ఒకప్పుడు తీగ కంచె, దాని దగ్గర కాపలా చౌకీ ఉండేవని, తార్నాక పేరు అలా వచ్చిందని చెబుతారు. విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. ఇంజినీరింగు కళాశాల 1929లో మొదలైంది. ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో తెరుచుకుంది. ఆ భవనం రాతిపని కనుక ప్రాంగణం అనగానే అందరూ రాయి గురించే మాట్లాడతారు. కానీ ఇక్కడి వేప, కానుగ, గుల్‌మొహర్ నీడన నడిచేవాడికి చెక్క కూడా కావలసినంత కనిపిస్తుంది. గాలివానకు విరిగిన కొమ్మ చివర చూస్తే చాలు, ఈ వ్యాసంలోని సగం విషయం అక్కడే ఉంటుంది: మధ్యలో ముదురు రంగు చేవ, చుట్టూ లేత రంగు తెల్లచెక్క, వారం తిరిగేసరికి దవ్వ నుంచి అంచుకు పాకే బీటలు.

చెక్కలో నీరు ఎక్కడ ఉంటుంది

చెక్క అంటే నిలువుగా కట్టకట్టిన సన్నని గొట్టాలు. నీరు వాటిలో రెండు తావుల్లో ఉంటుంది. గొట్టం బోలులో ఉన్నది విడినీరు, గొట్టం గోడలోకి ఇంకినది పట్టునీరు. ఆరేటప్పుడు ముందు విడినీరు పోతుంది. అది పోయినంతసేపూ చెక్క బరువు తగ్గుతుంది తప్ప కొలత మారదు. బోలు ఖాళీ అయి గోడలు మాత్రం నిండుగా తడిగా ఉన్న మజిలీని తంతు సంతృప్త స్థానం అంటారు. చాలా జాతుల్లో ఇది 25 నుంచి 30 శాతం తేమ దగ్గర ఉంటుంది. ఆ గీత దాటి పట్టునీరు కదలడం మొదలైతేనే చెక్క ముడుచుకుంటుంది, గట్టిపడుతుంది, పగులుతుంది.

కలప శాస్త్రంలో తేమ శాతాన్ని లెక్కకట్టే తీరు కొత్తవారిని తికమక పెడుతుంది. నీటి బరువును మొత్తం బరువుతో కాక, పూర్తిగా ఎండిన చెక్క బరువుతో భాగిస్తారు. 182 గ్రాముల ముక్కను 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు నిలకడ పడేదాకా ఉంచితే 130 గ్రాములు తేలిందనుకుందాం. పోయిన నీరు 52 గ్రాములు, కనుక తేమ 40 శాతం. ఈ లెక్క ప్రకారం తేమ నూరు శాతం దాటడం వింతేమీ కాదు. పచ్చి బూరుగ చెక్కలో, చెక్క బరువును మించిన నీరుంటుంది.

బరువు, చేవ

ఏ చెట్టు కణగోడ పదార్థాన్ని తీసి తూచినా సాంద్రత ఒక్కటే, ఘనపు మీటరుకు దాదాపు 1,500 కిలోలు. మరి నిర్మల్, కొండపల్లి బొమ్మలు చేసే పొనికి చెక్క అరచేతిలో దూదిలా ఉండి, శేషాచలం ఎర్రచందనం నీళ్లలో మునిగిపోవడం ఎందుకు? తేడా అంతా బోలులోనే ఉంది. పొనికిలో గోడ పలచన, ఖాళీ ఎక్కువ. ఎర్రచందనంలో ఖాళీ చాలా తక్కువ. టేకు ఈ రెంటికీ నడుమ, ఆరిన స్థితిలో ఘనపు మీటరుకు 600 నుంచి 700 కిలోల మధ్య తూగుతుంది. నల్లమద్ది, జిట్రేగి, ఏగిస అంతకన్నా బరువు. ఎండు నేలల్లో పెరిగే నారేప దేశంలోని అతి బరువైన కలపల్లో ఒకటి.

బరువు ఆరుదలను శాసిస్తుంది. బోలు ఎక్కువున్న చెక్కలోంచి నీరు సులువుగా బయటపడుతుంది. దట్టమైన చెక్కలో పైపొర ఎండిపోయి లోపల తడి చిక్కుకుంటుంది. చేవ ఇంకో అడ్డంకి. చెట్టు ముదిరేకొద్దీ నడిమి గొట్టాలను మూసుకుంటూ పోతుంది. బుడగల్లాంటి ఎదుగుదలలు బోలును పూడ్చేస్తాయి, జిగురు, రంగు పదార్థాలు గోడల్లో పేరుకుంటాయి. చెదకూ బూజుకూ చేవ లొంగకపోవడానికి ఇవే కారణం, ఆలస్యంగా ఆరడానికీ ఇవే. టేకు చేవలో చెదకు పడని నూనె గుణపు పదార్థాలు, ఉలి అంచును మొద్దుబార్చే సిలికా రెండూ ఉన్నాయి.

ఉష్ణమండలపు చెట్లకు వలయాలు ఉండవని తరచూ అంటారు. వానలు ఏడాది పొడవునా పడే అడవుల్లో చాలావరకు అది నిజం. మన ఆకురాల్చు అడవుల్లో కాదు. టేకుకు వలయాలు కంటికి స్పష్టంగా కనిపిస్తాయి. వానలు మొదలయ్యే నాటి పెద్ద రంధ్రాల వరుస ఒక్కో ఏటికీ గీత గీస్తుంది. పాత వానల చరిత్రను టేకు వలయాల్లో చదివే పరిశోధన భారతదేశంలో సాగుతోంది. వేప, నల్లమద్ది, ఏగిస వంటి వాటి చిక్కు వేరు. వాటి నార కొన్నేళ్లు ఒక దిక్కుకు, కొన్నేళ్లు ఎదురు దిక్కుకు మెలిపడుతూ పెరుగుతుంది. చిత్రిక పట్టేటప్పుడు ఒకవైపు నున్నగా వచ్చి ఇంకోవైపు రేగిపోయేది, ఆరేటప్పుడు పలక మెలి తిరిగేది అందుకే.

ముడుచుకోవడంలోని అసమానత

చెక్క అన్ని దిక్కులా ఒకేలా ముడుచుకుంటే ఆరుదల అనే శాస్త్రం పెద్దగా అవసరమే ఉండదు. నిలువు పొడవున అది దాదాపు కదలదు, పచ్చి నుంచి పూర్తిగా ఎండేదాకా వెయ్యింట ఒకటి రెండు వంతులే. దవ్వ నుంచి బెరడు వైపు కొలిస్తే నూటికి మూడు నుంచి ఐదు, వలయం వెంట చుట్టూ కొలిస్తే దానికి దాదాపు రెట్టింపు ముడుచుకుంటుంది. దుంగ చివర నక్షత్రంలా విచ్చుకునే బీటలకు మూలం ఈ రెట్టింపే. చుట్టుకొలత తగ్గాలని చూస్తుంది, వ్యాసం అంతగా తగ్గదు, చెక్క చీలి లెక్క సరిచేసుకుంటుంది.

టేకు గొప్పతనం బలంలో కన్నా ఈ లెక్కలోనే ఎక్కువ. పూర్తిగా ఎండేసరికి అది దవ్వ దిక్కున సుమారు 2.5 శాతం, వలయం వెంట 5.8 శాతం మాత్రమే ముడుచుకుంటుంది. అంటే సంతృప్త స్థానం కింద తేమ శాతం ఒక పాయింటు మారితే వలయం దిక్కున సుమారు 0.2 శాతం కదలిక. 30 సెంటీమీటర్ల టేకు పలక 16 శాతం తేమ నుంచి 8 శాతానికి దిగితే వెడల్పు 5 మిల్లీమీటర్ల దాకా తగ్గుతుంది. మంచి కలపే ఇంత కదిలితే మిగిలినవాటి సంగతి ఊహించుకోవచ్చు.

పాత ఇళ్ల పలకల తలుపు ఈ లెక్కను అక్షరం ముక్క లేకుండా కట్టిన పాఠం. చుట్టూ చట్రం, చట్రంలో గాడి, గాడిలో బిళ్ల. బిళ్లను గాడిలో వదులుగా వదులుతారు, జిగురు పూయరు. వానకు అది ఉబ్బి గాడిలోకి జరుగుతుంది, ఎండకు వెనక్కి వస్తుంది. తలుపు ఎత్తు చెక్క పొడవు దిక్కున ఉంటుంది కనుక మారదు, వెడల్పులో సన్నని నిలువు చట్రాలు మాత్రమే కదులుతాయి. అదే తొంభై సెంటీమీటర్ల తలుపును నిలువు పలకలు అతికించి గట్టిగా బిగిస్తే, ఐదు పాయింట్ల తేమ మార్పుకు టేకైనా 9 మిల్లీమీటర్లు సాగి ముడుస్తుంది. గాడిలో జిగురు నింపడాన్ని పనితనం అనుకునే నేటి దుకాణాలు ఆ పాఠం మరిచాయి.

ఆరిన చెక్కకు దక్కే లాభం కూడా చిన్నది కాదు. సంతృప్త స్థానం కిందికి వచ్చాక తేమ ఒక పాయింటు తగ్గిన ప్రతిసారీ నార వెంట నొక్కుడు బలం సుమారు 5 శాతం, వంగుడు బలం సుమారు 4 శాతం పెరుగుతాయి. అందుకే సివిల్ ఇంజినీరింగు ప్రయోగశాలలో కలప ముక్కను విరిచేటప్పుడు దాని తేమ రాయకపోతే ఆ అంకెకు విలువ లేదు. భారత ప్రమాణం ఐఎస్ 1708 వంగుడు పరీక్షకు 5×5×75 సెంటీమీటర్లు లేదా 2×2×30 సెంటీమీటర్ల లోపం లేని ముక్కలు కోరుతుంది. ముడులున్న దూలం ఆ ముక్క చెప్పినంత బరువు ఎన్నడూ మోయదు.

ఇక్కడి గాలి

గాలికి వదిలేసిన చెక్క చివరికి ఒక తేమ దగ్గర నిలుస్తుంది. దాన్ని సమతుల్య తేమ అంటారు. అది జాతిని బట్టి కొద్దిగా, గాలిలోని తేమను బట్టి బాగా మారుతుంది. 30 డిగ్రీల వేడిలో గాలి తేమ 80 శాతముంటే చెక్క 15, 16 శాతం దగ్గర ఆగుతుంది. 65 శాతముంటే 12 దగ్గర, 30 శాతముంటే 6 దగ్గర ఆగుతుంది. హైదరాబాదు సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున, తీరానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉంది. మే మధ్యాహ్నాల్లో పాదరసం 40 చుట్టూ తిరుగుతుంది, గాలి తేమ 30 శాతం కిందికి పడుతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో అదే గాలి ముప్పావు వంతుకు పైగా తేమతో నిండుతుంది. అంటే తార్నాకలో ఒక పలక ఏడాదిలో దాదాపు 7 నుంచి 14 శాతం మధ్య ఊగాలని చూస్తుంది. మందం, రంగు, వార్నిషు ఆ ఊపును తగ్గిస్తాయి, ఆపలేవు. పూత పని ఆలస్యం చేయడం వరకే.

విశాఖ, కాకినాడల్లో కథ వేరు. అక్కడ ఏడాది పొడవునా గాలి తేమగానే ఉంటుంది, చెక్క ఎక్కువ తేమ దగ్గర ఉన్నా ఊపు తక్కువ. ఐఎస్ 287 ప్రమాణం దేశాన్ని సగటు గాలి తేమను బట్టి నాలుగు మండలాలు చేసింది ఇందుకే: 40 శాతం లోపు, 40–50, 50–67, 67 పైన. ఒకే తలుపుకు నాలుగు మండలాల్లో నాలుగు తేమ హద్దులు. అలవాటుగా "12 శాతం" అని రాసేసే టెండర్లలో ఈ భేదం కనిపించదు.

పేర్చే పని

గాలికి ఆరబెట్టడం అంటే పలకలను ఎండలో పడేయడం కాదు. గాలికి దారి ఇస్తూ ఎండను, వానను ఆపడం. నేల మీద ఒక అడుగు ఎత్తు లేపి రాతి లేదా ఇటుక దిమ్మెలు కడతారు, వాటి మీద అడ్డదూలాలు వేస్తారు. నేల తడి, చెద రెండూ ఈ అడుగు ఎత్తుతో తగ్గుతాయి. తర్వాత ఒక వరుస పలకలు, వాటి మీద అడ్డంగా ఆరిన పుల్లలు, మళ్లీ వరుస. పుల్లల మందం 25 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. త్వరగా పగిలే జాతికి పలచని పుల్లలు పెట్టి గాలిని బిగిస్తారు, బూజు పట్టే మామిడి, బూరుగలకు మందం పుల్లలు పెట్టి వదులు చేస్తారు.

అసలు కిటుకు పుల్లల వరుసలో ఉంది. కింది నుంచి పై దాకా ప్రతి పుల్లా సరిగ్గా కింది పుల్ల మీదే, అది దిమ్మె మీదే నిలవాలి. ఒక్క పుల్ల పక్కకు జరిగితే పై బరువంతా కింది పలకను వంచుతుంది, ఆ వంపుతోనే అది ఆరిపోతుంది, ఇక జన్మలో తిన్నగా కాదు. పై వరుస మీద రాళ్లు పెట్టి అదమడం, పలక చివరలకు మైనమో తారో పూయడం, అదీ లేనిచోట పేడ, మట్టి మెత్తడం మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్న పనులే. చివరల నుంచి నీరు పక్కలకన్నా చాలా రెట్లు వేగంగా పోతుంది. పూత లేకపోతే పలక రెండు చివరలా చీలి, కొన్న అడుగుల్లో కొన్ని కట్టెల పొయ్యికే పనికొస్తాయి.

కాలం ఎంచుకోవడంలో దక్కనుకు తనదైన లెక్క ఉంది. వేసవిలో వడగాడ్పుకు పచ్చి నల్లమద్దిని పేరిస్తే రెండు వారాల్లో పైన నెర్రెలు బారుతుంది. అదే పలకలను కార్తీకంలో పేరిస్తే చలికాలపు మెల్లని గాలికి విడినీరు పోతుంది, మే వచ్చేసరికి చెక్క ఆ వేడిని తట్టుకునే స్థితిలో ఉంటుంది. 25 మిల్లీమీటర్ల టేకు పలకలు అలా కొద్ది నెలల్లో పనికొస్తాయి. మందం రెట్టింపైతే కాలం రెట్టింపుతో ఆగదు, దాదాపు మూడింతలవుతుంది. దూలాలను పూర్తిగా ఆరబెట్టిన ఇల్లు బహుశా ఎక్కడా లేదు. అవి పైకప్పు మోస్తూనే ఏళ్ల తరబడి ఆరుతాయి.

ఐఎస్ 1141 కలపలను మూడు తరగతులు చేస్తుంది: చాలా మొండివి, ఓ మోస్తరు మొండివి, మొండితనం లేనివి. నల్లమద్ది మొదటి దాంట్లో, టేకు రెండో దాంట్లో, బూరుగ మూడో దాంట్లో చేరతాయి. మొండి జాతులతో చేసే రైలు పట్టాల కింది స్లీపర్లకు ఒక వింత పేర్పు ఉండేది. ఒక వరుసలో తొమ్మిది పక్కపక్కన పరిచి, వాటి మీద ఒక అంచున అడ్డంగా ఒక్కటే వేసి, దాని మీద మళ్లీ తొమ్మిది ఏటవాలుగా వాల్చేవారు. దాన్ని ఒకటి–తొమ్మిది పద్ధతి అన్నారు. దాని పని గాలిని తగ్గించి ఆరుదలను కావాలనే మెల్లబరచడం.

బొమ్మల చెక్కకు వేరే దారి. కొండపల్లిలో పొనికి ముక్కలను సన్న సెగ మీద వెచ్చబెట్టి మిగిలిన తేమ లాగేస్తారు. వెదురును, తాటి వాసాలను చెరువులో నానబెట్టడం మరో పాత పద్ధతి. నీటిలో పిండిపదార్థం కరిగిపోతే పుచ్చు పురుగుకు తిండి ఉండదు. వింటే విడ్డూరమే కానీ, నానబెట్టిన వెదురు నిజంగానే ఎక్కువ కాలం నిలుస్తుంది.

లాలాగూడ, రంగూను

తార్నాకకు పక్కనే ఉన్న లాలాగూడ క్యారేజి వర్క్‌షాపును నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1893లో నెలకొల్పింది. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు రైలు 1874లోనే వచ్చింది. ఆ కాలపు ప్రయాణికుల పెట్టెలంటే ఇనుప చట్రం మీద చెక్కతో కట్టిన ఇళ్లు, ఆ చెక్కల్లో పెద్దపీట టేకుది. ఒక ఎండలో బయల్దేరి మరో వానలో ఆగే పెట్టెకు కదలిక తక్కువున్న కలప కావాలి, మేకును తుప్పు పట్టించనిది కావాలి. రెంటికీ టేకును మించింది దొరకలేదు. పచ్చి టేకుతో పెట్టె కడితే మొదటి వేసవికే కీళ్లు వదులై ప్రయాణమంతా కిర్రుమంటుంది. 1955లో పెరంబూరులో పూర్తి ఉక్కు పెట్టెల కర్మాగారం తెరుచుకున్నాక చెక్క పెట్టెలు క్రమంగా పోయాయి, వాటితోపాటు వేల పలకలను ఏళ్ల ముందే పేర్చుకుని కూర్చునే ఓపిక కూడా.

తెలుగువాళ్లకు టేకుతో మరో చుట్టరికం బంగాళాఖాతం అవతల ఉంది. గోదావరి, విశాఖ తీరాల నుంచి రంగూను వెళ్లి అక్కడి బియ్యపు మిల్లుల్లో, రంపపు మిల్లుల్లో, రేవుల్లో పనిచేసినవారిని బర్మాలో కోరంగీలు అనేవారు. అక్కడి టేకు ఆరుదల చెట్టు నిలబడి ఉండగానే మొదలయ్యేది. చెట్టు మొదలు దగ్గర బెరడును, తెల్లచెక్కను చుట్టూ గాటుపెట్టి రెండు మూడేళ్లు వదిలేసేవారు. పచ్చి టేకు దుంగ నీటిలో మునుగుతుంది, అలా నిలువునా ఎండినది ఏట్లో తేలి కిందికి కొట్టుకొస్తుంది. మన మేడల్లో నేటికీ గర్వంగా చూపించే "బర్మా టేకు" దూలాలు అలా నది మీద వచ్చిన వంశానివే.

లోపాలు

ఆరుదల చెడితే చెక్క ఆ సంగతి దాచుకోదు. పైన బీటలు, చివర చీలికలు, అడ్డంగా దొప్పలా వంగడం, నిలువునా విల్లులా వంగడం, మెలి తిరగడం అందరికీ కనిపించేవే. కనిపించనిది ఒకటుంది. పైపొర ముందే ఎండి గట్టిపడి, లోపలి తడి చెక్క తర్వాత ముడుచుకోవాలని లాగితే పలకలో బిగువు నిలిచిపోతుంది. రంపం పెట్టగానే అలాంటి పలక రెండు పాయలూ కత్తెరలా ముడుచుకుని రంపాన్ని కరుస్తాయి. జామాయిల్‌ది ఇంకో రోగం. తడి పోతున్నప్పుడు దాని గొట్టాల గోడలే కూలి, పలక పైభాగం రేకు డబ్బా నొక్కినట్టు గుంటలు పడుతుంది. లేత కలపల్లో నీలి మచ్చ బూజు వల్ల వస్తుంది, బలం పెద్దగా తగ్గకపోయినా ధర పడిపోతుంది. తెల్లచెక్కలో పిండి రాల్చే పుచ్చుకు బోరాక్సు, బోరిక్ ఆమ్లపు నీళ్లు పచ్చిగా ఉన్నప్పుడే పట్టించడం చవకైన మందు.

కొనేవారి చేతిలో

ఇప్పుడు హైదరాబాదు టింబర్ డిపోల్లో ఘనా టేకు, నైజీరియా టేకు, మలేషియా సాల్ పేర్లు వినిపిస్తాయి. విదేశీ తోటల టేకులో చాలావరకు లేత వయసుది. తెల్లచెక్క పాలు ఎక్కువ, వలయాలు వెడల్పు. అది మోసమనలేం, కానీ ముదురు టేకు గుణాలన్నీ దానికి అంటగట్టడం పొరపాటే. ధర సీఎఫ్టీ (ఘనపుటడుగు) లెక్కన చెబుతారు, తేమ ఎంతో ఎవరూ చెప్పరు. రెండు సూదులు గుచ్చి విద్యుత్తు అడ్డగింపును బట్టి తేమ చూపే చిన్న మీటరు ఉంటుంది, 6 నుంచి 30 శాతం మధ్య దాని మాట నమ్మొచ్చు. అది లేకపోతే వడ్రంగి పరీక్షలున్నాయి. వేలి కణుపుతో తడితే ఆరినది ఖంగుమంటుంది, పచ్చిది మొద్దుగా పలుకుతుంది. చిత్రిక పొట్టును చేతిలో నలిపితే ఆరినది పెళుసుగా విరుగుతుంది. చెంపకు ఆనిస్తే పచ్చిది చల్లగా తగులుతుంది.

కొన్న పలకలను తెచ్చిన రోజే కోయించకండి. తలుపు ఏ ఇంటికో ఆ ఇంటి గదిలోనే పుల్లలేసి రెండు మూడు వారాలు పేర్చి ఉంచండి. ఆగస్టులో దర్వాజా పట్టేస్తే వెంటనే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించకండి. దసరా దాటాక అది దానంతటదే వదులవుతుంది. సంక్రాంతికీ ఇంకా పట్టేస్తుంటే అప్పుడు పట్టించండి.